నిలబడి వచ్చినవాళ్ళు

పెట్టెలు రెండూ నేనే దగ్గరుండి చేయించాను. మామిడి చెక్క. టేకు కొనే స్తోమత మా సంస్థకు లేదు. లోపల మెత్తని స్పాంజి పరిచి, దాని మీద ఉతికి ఆరవేసిన తెల్లని నూలుగుడ్డ వేయించాను. తల ఆనేచోట చిన్న దిండు కుట్టించాను. మూతకు ఆరు మరలు. ఎత్తుగా ఉండే శిల్పాన్ని ఊరు దాటించేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టాలని, నిలబెడితే ఒరిగి ముక్కో చెయ్యో విరుగుతుందని నాకు పని నేర్పినవారు చెప్పారు. నా తరవాతివాళ్ళకు నేనూ అదే చెబుతూ వచ్చాను.

రాజమండ్రిలో ఒక ట్రస్టు నడిపే చిన్న చిత్రశాలలో ప్రదర్శనలు చూసుకోవడం నా పని. ఎవరి బొమ్మలు ఎప్పుడు పెట్టాలి, ఏ గోడకు ఏది, ఎక్కడినుంచి తేవాలి, ఎప్పటికి తిరిగి అప్పగించాలి అన్నీ నా మీదే ఉంటాయి. ఏడాదికి ఇద్దరు ముగ్గురు కళాకారులను పిలిచి, వెనక ఉన్న గదుల్లో నెలో రెండు నెలలో ఉంచి, వాళ్ళ పని వాళ్ళను చేసుకోనిస్తాం. లాభం చూసుకునే సంస్థ కాదు. లోపలికి రావడానికి టిక్కెట్టు లేదు. నాకు డెబ్భై దాటాయి. తేదీ వేయని కాగితం మీద నేను సంతకం పెట్టనని మావాళ్ళు నవ్వుకుంటారు. నిజమే, పెట్టను.

పోయిన వానాకాలం అలా వచ్చి ఉన్నవాడు ఓదెలు. గోదావరిఖని మనిషి. బొగ్గు బావిలో టింబర్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. భూమి లోపల బొగ్గు తీసినచోట పైకప్పు కూలకుండా కర్ర దుంగలు నిలబెట్టడం ఆ పని. కప్పుకూ దుంగకూ మధ్య చెక్క పెట్టి కొట్టి బిగిస్తారు. బిగిసేటప్పుడు వచ్చే చప్పుడును బట్టి దుంగ బరువు మోస్తున్నదీ లేనిదీ తెలుస్తుందట. ఇప్పుడు కర్ర దుంగల కాలం పోయింది. పాత దుంగలను కట్టెల కింద కొనుక్కుని ఓదెలు మనుషులను చెక్కుతాడు. మా దగ్గర ఉన్నన్నాళ్ళూ ఒక్క బొమ్మే చేశాడు. అది తన బొమ్మే. తల మీద టోపీ, చేతిలో సుత్తి, కాళ్ళకు బూట్లు అన్నీ చెక్కి ముఖం దగ్గర ఉలి ఆపేశాడు. మిగతా ఇద్దరూ వచ్చాక చేస్తానన్నాడు.

ఆ ఇద్దరు కొమురయ్య, రాజలింగు. ఓదెలుతో ఒకే గ్యాంగులో పనిచేసినవాళ్ళు. చాలా ఏళ్ళ కిందట కప్పు కూలి ఇద్దరూ పోయారు. ఇంకో దుంగ తేవడానికి వెనక్కి వెళ్ళాడు కాబట్టి ఓదెలు పైకి వచ్చాడు. రిటైరయ్యాక వాళ్ళిద్దరి బొమ్మలూ చెక్కి వాళ్ళ ఇళ్ళకే ఇచ్చేశాడు. ముగ్గురినీ ఒక్కచోట నిలబెట్టి చూడాలన్నది ఆయన కోరిక. మాకు అది ప్రదర్శన. ఆయన ఊపిరి బాగా తగ్గిపోయిందని చలికాలంలో కబురు వచ్చింది. ఇంక ఆలస్యం చేయకూడదని, ఆ ఇళ్ళవాళ్ళను ఫోన్లలో ఒప్పించి, మాఘమాసంలో నేనే బయలుదేరాను.

జ్యోతినగర్

మంగళవారం పొద్దున రామగుండంలో దిగాను. విద్యుత్ కేంద్రం ఉద్యోగుల కాలనీ అయిన జ్యోతినగర్‌లో మా దూరపు బంధువు సుభద్ర ఉంటుంది. భీమవరం దగ్గరి పిల్ల, భర్త ఇంజినీరు. వరసలు తీరిన క్వార్టర్లు, నీడ పట్టిన రోడ్లు, స్కూటర్ల మీద పిల్లలను బడికి దిగబెట్టే తల్లులు. ఎటు తిరిగినా చెట్ల పైన పొగగొట్టాలు కనిపిస్తాయి. సుభద్ర వరండా గట్టు రెండు పూటలా తుడుస్తుంది. పొద్దున నా కళ్ళ ముందే తుడిచిన గట్టు మీద మధ్యాహ్నానికి నేను వేలితో గీత గీయగలిగాను. నా చేతిలో రుమాలు చూసి, "మీకూ అలవాటైపోతుంది, అత్తయ్యగారూ" అంది.

ఆవ పెట్టిన అరటికాయ కూర, కందిపొడి, గోంగూర వడ్డించింది. బియ్యం మావైపు నుంచే తెప్పించుకుంటారట. చెక్క బొమ్మల కోసం ఇంత దూరం ఎందుకని ఆవిడ భర్త మర్యాదగా అడిగాడు. చెప్పాను. విన్నాడు. ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా సుభద్ర బొగ్గు కార్మికుల ఇంట్లోకి ఒక్కసారీ వెళ్ళలేదట. గోదావరిఖనికి వెళ్ళేది బంగారం కొట్లకూ బట్టల కొట్లకూ. "వెళ్ళకూడదని కాదండీ, పని పడలేదు" అంది. రాజమండ్రిలో పుట్టి పెరిగిన నేను అక్కడి మిల్లు కార్మికుల వీధుల్లోకి ఎన్నిసార్లు వెళ్ళానో ఆలోచించుకున్నాను. రెండుసార్లు. రెండూ మా చిత్రశాల పని మీదే.

గోదావరిఖని

సాయంత్రం ఓదెలు నా కోసం ట్రాలీ ఆటో పంపాడు. దాన్ని నడిపే సదయ్యకు నలభై ఏళ్ళుంటాయి. నన్ను మేడం అని మొదలుపెట్టి, ఊరు చేరేలోగా అవ్వ అన్నాడు. మావైపు అవ్వ అంటే ముసలిది అని అర్థం. ఇక్కడ కన్నతల్లిని కూడా అలాగే పిలుస్తారు కాబట్టి ఊరుకున్నాను. పెట్టెలను ఎక్కిస్తూ అరచేత్తో నిమిరాడు.

"ఎంత ముద్దుగ చేపిచ్చినవ్ అవ్వ. మనిషి పండొచ్చు ఇండ్ల."

పండడమంటే ఇక్కడ పడుకోవడం. పొగడ్త అనుకున్నాను.

ఖనిలో చాయ పది రూపాయలు, మా ఊళ్ళో పన్నెండు. గ్లాసు మాత్రం మాదే పెద్దది. షిఫ్టు వదిలే వేళ అయింది. మోటారు సైకిళ్ళ మీద వచ్చే మగవాళ్ళు స్నానం చేసి, తల దువ్వుకుని, శుభ్రంగా ఉన్నారు. కళ్ళ అంచున మాత్రం బొగ్గు నిలిచిపోయి కాటుక పెట్టినట్టుంది. అది సబ్బుకు పోదట. కూరగాయల బండి దగ్గర అలాంటి కళ్ళతో ఒకాయన వంకాయలు ఏరుతూ బేరం ఆడుతుంటే కాసేపు చూస్తూ నిలబడ్డాను.

ఓదెలు ఇల్లు సందు చివర రెండు గదులు. ముందు రేకుల పంచ, పంచలో పాత దుంగల గుట్ట. మనిషి నేను చూసినప్పటికన్నా సగమయ్యాడు. మంచం మీద కూర్చుని రెండు చేతులూ పక్కన ఆనించి, నాలుగు మాటలకు ఒకసారి ఆగి మాట్లాడుతున్నాడు. ఆయన భార్య సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, కారం కలిపి, గిన్నె లోపలి గోడకు అద్ది, వేలితో చిల్లులు పెట్టి, నూనె పోసి కాలుస్తారు. మా దిబ్బరొట్టె అంత మందం ఉండదు. కరకరలాడుతుంది. నా పళ్ళకు కొంచెం పరీక్షే, అయినా వదల్లేదు.

తినడం అయ్యాక ఓదెలు తన మనసులో మాట చెప్పాడు.

"డాక్టరు చెప్పేది నాకు తెల్వనిది గాదు మేడం. ఎండకాలం దాటుతదో లేదో. ఆళ్ళిద్దర్ని ఒక్క తాన నిలవడంగ సూస్తె, గంతే."

కొమురయ్య ఇంటి గురించి ఫికర్ లేదన్నాడు. రాజలింగు ఇంటి గురించి చెప్పడానికి చాలాసేపు పట్టింది. ప్రమాదం జరిగిన నాటినుంచీ ఆయన ఆ ఇంటి గడప తొక్కలేదు. తప్పు నీదని ఎవరూ అనలేదు, రాజలింగు భార్య పోచవ్వ కూడా అనలేదు. దుంగలు నిలబెట్టినవాడు తను, పైకి వచ్చినవాడు తను. ఆమె ముందు కూర్చోవడం తన వల్ల కాలేదు. బొమ్మ చెక్కాక కూడా తెల్లవారుజామున తీసుకుపోయి గేటు లోపల పెట్టి వచ్చేశాడు. ఆమె దాన్ని లోపలికి తీసుకుపోయిందని తరవాత ఎవరో చెప్పారు. ఇప్పుడు కూడా, నేను ఫోను చేయకముందు వెళ్ళి అడిగింది ఆయన కాదు, ఆయన తరఫున సదయ్య.

కమాన్‌పూర్

బుధవారం కొమురయ్య ఇంటికి. ఓదెలు కూడా వచ్చాడు. దారికి ఒక పక్క పత్తి చేలు. ఇంకో పక్క కొండలు. అవి కొండలు కావు, గని తవ్వి పోసిన మట్టి అని సదయ్య చెప్పాడు. పైన కత్తితో కోసినట్టు చదునుగా ఉన్నాయి. వాటి మీద తుమ్మలు మొలిచాయి, మేకలు మేస్తున్నాయి. మావైపు నేలంతా సమంగా ఉంటుంది; పొద్దు ఎక్కడ కుంకుతుందో ఎప్పుడూ కనిపిస్తుంది. ఇక్కడ మధ్యలో మట్టి అడ్డం వస్తుంది.

కొమురయ్య భార్య కూడా పోయింది. కొడుకు పొలానికి వెళ్ళాడు. కోడలు స్వరూప జొన్న రొట్టె, పచ్చిపులుసు పెట్టింది. చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి నలిపి పొయ్యి ఎక్కించకుండానే వడ్డించే పులుసు. మా ఇంట్లో అలా వడ్డిస్తే పులుసు కాచడం మరిచిపోయారా అంటారు. రెండోసారి అడిగి వేయించుకున్నాను.

తింటుండగా దూరంగా సైరన్ మోగింది. స్వరూప గరిటె కింద పెట్టి, తొందరేమీ లేకుండా లేచి, మూలన ఉన్న బొమ్మ దగ్గరికి వెళ్ళి దాని నెత్తి మీద అరచెయ్యి ఆనించింది. నా కంచం పట్టుకోమని ఓదెలు సైగ చేశాడు. కాసేపటికి నేల కింద ఏదో కదిలినట్టు ఒక మోత. కంచంలో పులుసు వణికింది. గనిలో పేలుళ్ళు పెట్టే వేళట. స్వరూప చెయ్యి తీసి వచ్చి మళ్ళీ కూర్చుంది. మామను ఆమె చూసి ఎరగదు. ఆయన పోయాక ఎన్నో ఏళ్ళకు కాపురానికి వచ్చింది. పేలుడు వేళకు ఎవరో ఒకరు బొమ్మను పట్టుకోవడం ఆ ఇంటి అలవాటు. ఇంట్లో ఎవరూ లేకపోతే పక్కింటి వాళ్ళయినా వచ్చి పట్టుకుంటారట.

"మీ ఊర్ల గిట్ల అదురుతదా?" అని అడిగింది.

అదరదన్నాను.

"ఐతె నిమ్మలంగ ఉంటడు. తీస్కపోండ్రి."

కొమురయ్య పొట్టి మనిషి. బొమ్మ నా నడుము దాకా వస్తుంది. నేనూ సదయ్యా దాన్ని పెట్టెలో పడుకోబెట్టాం. దిండు సరిగ్గా మెడ కిందికి వచ్చింది. గుడ్డ కప్పి, మూత పెట్టి, మరలు బిగించాను. కొలతలు తప్పలేదని తృప్తి కలిగింది. తలెత్తి చూస్తే పంచలో ఓదెలు లేడు. రోడ్డు మీదికి వెళ్ళి అటు తిరిగి నిలబడి ఉన్నాడు. దగ్గు వచ్చి వెళ్ళాడనుకున్నాను.

వంతెన మీద

గురువారం గోదావరి దాటి అవతలి ఒడ్డుకు బయలుదేరాం. వంతెన మధ్యకు రాగానే సదయ్య బండి ఆపకుండానే జేబులోంచి రూపాయి తీసి నీళ్ళలోకి విసిరాడు. మేమూ అదే చేస్తాం, కాకపోతే రైల్లోంచి. మా దగ్గర గోదావరికి అవతలి ఒడ్డు కళ్ళు చికిలించుకుంటే గాని కనిపించదు. ఇక్కడ కనిపిస్తుంది, అవతల బట్టలు ఉతుకుతున్నవాళ్ళతో సహా. ఈ నీళ్ళు మా ఊరికి ఎన్నాళ్ళకు వస్తాయని ఓదెలు అడిగాడు. నాకు తెలియదన్నాను. మా దగ్గర ఉన్నన్నాళ్ళూ ఆయన రోజూ సాయంత్రం గట్టు మీదికి వెళ్ళి కూర్చునేవాడు. నది మీద ఇష్టంతో అనుకున్నాను. తమ ఊరి నీళ్ళని కూర్చునేవాడట.

నస్పూర్

పోచవ్వ ఉండేది కంపెనీ క్వార్టర్లలో. తండ్రి పోయాక కొడుక్కి బావిలో ఉద్యోగం ఇచ్చారు. ఆ ఉద్యోగం మీద వచ్చిన ఇల్లు అది. కొడుకు డ్యూటీలో ఉన్నాడు. ఓదెలు గేటుకు కొంచెం ముందే ఆటో ఆపించి తను దిగనన్నాడు.

"పిల్లనిచ్చినోళ్ళ ఇంటికచ్చినట్టు సిగ్గువడుతున్నవేంది కాక?" అని సదయ్య ఎగతాళి చేశాడు. ఓదెలు నవ్వలేదు. మేమిద్దరం పెట్టె పట్టుకుని లోపలికి వెళ్ళాం.

పోచవ్వకు నా వయసే ఉంటుంది. సన్నగా ఉంది. కళ్ళద్దాలకు ఒక వైపు దారం కట్టుకుంది. చాటలో పల్లీలు ఒలుస్తోంది. లేచి, ముందు చెంబుతో నీళ్ళు ఇచ్చింది. బొమ్మ ముందు గదిలోనే ఉంది, తలుపు తీయగానే ఎదురుగా. రాజలింగు పొడగరి. బావిలో పొడగరులు మెడ వంచి నడవాలట. ఓదెలు ఆ వంపు చెక్కాడు. ఒక చేతిలో సద్ది డబ్బా, ఇంకో చెయ్యి పైకి, కప్పు ఎంత ఎత్తున ఉందో తడిమి చూస్తున్నట్టు. ఆ పై చేతి వేళ్ళు మాత్రం మిగతా కర్రకన్నా నున్నగా మెరుస్తున్నాయి. డ్యూటీకి వెళ్ళేముందు కొడుకు ఆ వేళ్ళు పట్టుకుని వెళతాడని పోచవ్వ చెప్పింది. పెత్రమాస నాడు, అంటే పెద్దలకు పెట్టుకునే అమావాస్య నాడు, మొదటి ముద్ద ఆయన ముందే పెడుతుంది. మావైపు ఆ రోజు బ్రాహ్మడిని పిలిచి తర్పణాలు వదులుతాం. బొమ్మకు వడ్డించడం నేను ఎక్కడా చూడలేదు.

కాగితం మీద తిరిగి అప్పగించే తేదీ చూపించాను. నెల దాటకూడదని గట్టిగా చెప్పి సంతకం చేసింది. కొంగుతో బొమ్మను తుడిచింది. నేను పెట్టె మూత తీశాను. సదయ్యా నేనూ పట్టుకుని రాజలింగును వెల్లకిలా పడుకోబెట్టాం. వంగిన మెడకు దిండు చాలక, నా రుమాలు మడిచి దాని కింద పెట్టాను. తెల్లగుడ్డ రెండు అంచులూ పైకి తీసి, పాదాల దగ్గరనుంచి కప్పుకుంటూ వచ్చాను. ముఖం దగ్గరికి వచ్చాను.

"ఆగు" అంది పోచవ్వ.

గొంతు పెంచలేదు. ఆమెకు అర్థం కాలేదనుకుని చెప్పబోయాను. రైలు కుదుపులు, ఒరిగితే పైనున్న చెయ్యి విరగడం, మా దగ్గర పాటించే పద్ధతి. అంతా విన్నది.

"ఒక్కపారి గట్లనే తెచ్చిన్రమ్మా ఇంటికి. పండవెట్టి, తెల్లబట్ట గప్పి. ముకం సుత సూడనియ్యలే. ఇప్పుడు నా చేతులతోని మల్ల గట్లనే తోలియ్యన్నా?"

నా చేతిలో గుడ్డ అంచు ఉంది. వదిలేశాను. చెక్క పెట్టె, దిండు, తెల్లగుడ్డ, మూతకు మరలు. మా ఊళ్ళో వడ్రంగి చేత చేయిస్తున్నప్పటినుంచి ఆ పెట్టెను చూసిన వాళ్ళకు అది ఎలా ఉందో తెలిసే ఉంటుంది. సదయ్యకు తెలిసింది. కమాన్‌పూర్‌లో రోడ్డు మీదికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డ ఓదెలుకు తెలిసింది. నేను స్పాంజి మందం చూసుకుంటున్నాను.

పోచవ్వ వంగి బొమ్మ భుజాల కింద చేతులు వేసింది. నేను పాదాలు పట్టాను. మళ్ళీ దాని చోట నిలబెట్టాం. ఆమె గుడ్డ పోగులు ఏమైనా అంటుకున్నాయేమోనని చూసి దులిపింది. తరవాత చాట ముందుకు వెళ్ళి కూర్చుని పల్లీలు ఒలవడం మొదలుపెట్టింది. దూరంనుంచి వచ్చారు, అన్నం తిని వెళ్ళండి, మా ఆయన మాత్రం రాడు అని చెప్పింది. కోపంగా చెప్పి ఉంటే నేనేమైనా అనగలిగేదాన్ని.

బయటికి వచ్చి ఓదెలుకు జరిగింది చెప్పాను. ఆటో కమ్మీ పట్టుకుని నేలకేసి చూశాడు. మీరు వచ్చి ఒక్క మాట చెప్పండి అన్నాను.

"ఏం చెప్పుదు మేడం? ఆమె ముంగట కూసుండి చాయ తాగుదునా నేను?"

వెనక్కి తిప్పమని ఓదెలు చెయ్యి ఊపాడు. సదయ్య తాళం తిప్పుతుండగా గేటు చప్పుడైంది. పోచవ్వ చాట చేత్తో పట్టుకునే వచ్చింది. నా వైపు చూడలేదు.

"ఓదెలూ. నిలవెట్టెటోనివి నువ్వు గాదా? ఆటోల కూసున్నవేంది? వచ్చి నిలవెట్టు. నిలవడి పోతనంటె పోతడు, లేకుంటె పోడు."

ఓదెలు కమ్మీ వదిలాడు. తరవాత సదయ్య భుజం పట్టుకుని దిగాడు. గేటు దగ్గర చెప్పులు విడిచి, అన్నేళ్ళలో మొదటిసారి ఆ ఇంట్లోకి వెళ్ళాడు.

లోపలికి వెళ్ళాక ఆయన బొమ్మను చూడలేదు. పెట్టెను చూశాడు. దిండు, గుడ్డ, స్పాంజి పీకి నా చేతికిచ్చాడు. పెట్టెను నిలువుగా నిలబెట్టించాడు. పక్కింటి నుంచి బాడిసె తెప్పించి, మూత పలకను చీల్చి, చెక్కముక్కలు చెక్కాడు. నేను మరలకు చిల్లులు కొలిచి వేయించిన పలక అది. మధ్య మధ్య ఆగి, గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంటున్నాడు. సాయం పట్టబోతే వద్దన్నాడు. రాజలింగును నిలువు పెట్టెలో నిలబెట్టాం. పాదాలకు రెండు వైపులా ఒక్కో ముక్క, నడుము దగ్గర రెండు, చివరికి టోపీకీ పెట్టె కప్పుకూ మధ్య ఒకటి. ఆ చివరి ముక్కను బాడిసె వెనక వైపుతో కొట్టడం మొదలుపెట్టాడు. మొదట డొల్లగా మోగింది. కొట్టగా కొట్టగా చప్పుడు మారింది. ఓదెలు చెవి దగ్గర పెట్టి ఇంకోసారి కొట్టాడు.

పోచవ్వ బొమ్మ పై చేతి వేళ్ళు పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ దినం గూడ గిట్లనే కొట్టినవా?"

ఓదెలు తల తిప్పలేదు.

"గిట్లనే కొట్టిన పోచక్క. రెండుపార్లు కొట్టి సూసిన. గట్టిగనే పలికింది."

"ఎర్కే" అంది. "ఓదెలు సూడకుంట ఉండడని ఆయిననే అంటుండె."

ఆ తరవాత ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. ఆమె లోపలికి వెళ్ళి చాయ పెట్టుకొచ్చింది. ఓదెలు నేల మీద కూర్చున్నాడు. గ్లాసు అందిస్తూ, "నీ దాంట్ల చక్కెర వెయ్యలే. షుగరున్నదట గదా" అంది. మందు గోలీలు సరిగ్గా వేసుకోడని అతని భార్య దవాఖానలో కలిసినప్పుడు చెప్పిందట. ఓదెలు తల వంచుకుని తాగాడు. నేను అన్నం తిన్నాను. పల్లీల కారం, పెరుగు. ఏమీ రుచి తెలియలేదు. అది వంట లోపం కాదు.

బయలుదేరేటప్పుడు పోచవ్వ బొమ్మకు బొట్టు పెట్టి, జల్ది రమ్మని మెల్లగా చెప్పింది. ఆ మాట మాకు కాదు. నాకు వేరే చెప్పింది. నిలబడి ఉన్నాడా అని ఫోన్లో అడుగుతానని, చూడకుండా చెప్పవద్దని.

మళ్ళీ ఖనిలో

ఓదెలు ఇల్లు చేరగానే, కమాన్‌పూర్ నుంచి తెచ్చిన పెట్టె మరలు నేనే విప్పాను. కొమురయ్యను కూడా లేపి, అదే పద్ధతిలో నిలబెట్టి బిగించాడు ఓదెలు. పంచలో ఇద్దరినీ పక్కపక్కన పెట్టి, ఎదురుగా మంచం వేయించుకుని కూర్చున్నాడు. షిఫ్టు దిగి సందులోంచి వెళుతున్నవాళ్ళు కొందరు బండ్లు ఆపారు. ఒకాయన కొమురయ్యను గుర్తుపట్టాడు. బాకీ ఉన్నవాడిలా నవ్వుతున్నాడని, బావిలో కూడా ఎప్పుడూ ఇంతేనని చెప్పి, తనూ నవ్వబోయి ఆగిపోయాడు. ఓదెలు పొద్దు వాలేదాకా వాళ్ళను చూస్తూ ఉన్నాడు. చివరికి ఒక్క తప్పు పట్టాడు.

"కొమురన్న జర పొట్టిగైండు. ఇంకింత పొడుగుండె."

రైలు

ఆ పెట్టెలను రైలు సామాను బోగీలో వేస్తే కూలీలు పడుకోబెట్టకుండా ఉంచరు. వెంట తీసుకువెళ్ళడమే దారి. నా సీటు పక్కన కిటికీ కమ్మీకి సుభద్ర ఇచ్చిన పాత చీరతో రెండింటినీ కట్టాను. టిక్కెట్లు చూసే ఆయన వచ్చి, అడ్డంగా ఉన్నాయి, సీటు కింద పడుకోబెట్టమన్నాడు. వీలుకాదన్నాను. ఎందుకని అడిగాడు. చెప్పాను. ఆయన సామాను రుసుం రాసి రసీదు ఇచ్చి వెళ్ళిపోయాడు. ఎదురు సీటులో మిరపకాయల వ్యాపారి ఒకాయన అంతా విన్నాడు. బొమ్మకు తగులుతున్న తన కాళ్ళు వెనక్కి తీసుకుని, వరంగల్లులో దిగేదాకా అలాగే ముడుచుకుని కూర్చున్నాడు. వరంగల్లులో బండి మారాం. కూలీ ఇద్దరినీ ఒకరి తరవాత ఒకరిని, చంటిపిల్లలను ఎత్తుకున్నట్టు నిలువునా ఎత్తుకుని తెచ్చాడు. నేను చెప్పకుండానే.

మా గదిలో

ఇద్దరినీ పెట్టెల్లోంచి తీసి, మా దగ్గరే ఉన్న ఓదెలు బొమ్మతో కలిపి ముగ్గురినీ పెద్ద గదిలో నిలబెట్టాం. బొమ్మకూ బొమ్మకూ మధ్య మనిషి చుట్టూ తిరిగి చూసేంత చోటు వదలాలన్నది మా నియమం. వదిలాను. ప్రారంభానికి ఓదెలు రాలేకపోయాడు; ఆ వారమే దవాఖానలో చేర్చారు. ఫొటో తీసి పంపాను. మర్నాడు ఫోను చేశాడు. మాటకూ మాటకూ మధ్య గొట్టంలోంచి గాలి వచ్చే చప్పుడు వినిపించింది.

"సందు ఎక్కువైంది మేడం. బాయిల మేం గంత దూరం నిలవడం. దగ్గరికి జరుపుండ్రి."

ఆయన బొమ్మకు ముఖం ఇంకా లేదని గుర్తుచేశాను. ఇక్కడికి ఎప్పుడు రాగలడో అడగలేక అలా అడిగాను.

"గట్లనే ఉండనియ్యి. ఆళ్ళకు నేనెర్కే గదా."

భుజాలు తగిలేంత దగ్గరగా జరిపించాను. చుట్టూ తిరిగి చూడడానికి వీలులేదని ఒకరిద్దరు చిత్రకారులు అన్నారు. లేదన్నాను.

రోజూ పొద్దున మేము తలుపులు తీసే వేళకు నస్పూర్ నుంచి ఫోను వస్తుంది. కొడుకు డ్యూటీకి వెళ్ళాక చేస్తుందనుకుంటాను. కుశల ప్రశ్నలు ఉండవు.

"నిలవడే ఉన్నడా?"

ఒక్క నిమిషం ఆగమంటాను. కుర్చీలోంచి లేచి, పెద్ద గదిలోకి వెళ్ళి, దీపం వేసి చూస్తాను. తిరిగి వచ్చి చెబుతాను.

"నిలబడే ఉన్నాడమ్మా. ముగ్గురూ."